చేతులకు మైల సోకించే గ్రంథాలు

తెలుగు బైబిలులోని ఐదో పుస్తకానికి ద్వితీయోపదేశకాండము అనే పేరు రావడానికి, 2200 ఏళ్లకు పూర్వం ఐగుప్తులో ఒక గ్రీకు అనువాదకుడు ఒక హెబ్రీ మాటను అర్థం చేసుకున్న తీరే కారణం. సింహాసనమెక్కిన రాజు ఈ ధర్మశాస్త్రానికి ఒక నకలు రాసుకోవాలని ఆ పుస్తకం 17వ అధ్యాయంలో మూలం చెబుతుండగా, అక్కడి 'మిష్నే' అనే పదానికి నకలు అనే అర్థాన్ని విడిచి రెండోది అనే అర్థాన్ని గ్రహించిన ఆ అనువాదకుడు దానిని రెండో ధర్మశాస్త్రమనే అర్థం వచ్చే గ్రీకు మాటలోకి మార్చాడు. ఆ మాటే పుస్తకానికి పేరై, లాటిన్ మీదుగా ఐరోపా భాషలకూ, అక్కడి నుంచి మిషనరీల వెంట తెలుగుకూ చేరింది. హెబ్రీలో చదివే యూదులకు ఇదే పుస్తకం 'దెవారిమ్', అంటే మాటలు. నాలుగో పుస్తకం వారికి 'బెమిద్బార్', అంటే అరణ్యంలో. తెలుగు పాఠకుడికి అది గ్రీకు బాటలోనే సంఖ్యాకాండము. మూలం ముందు పుట్టిందనీ, ఒక సభ దానిని ప్రమాణంగా నిర్ణయించిందనీ, అనువాదాలు ఆ తర్వాత వచ్చాయనీ చాలామంది అనుకుంటారు గాని, హెబ్రీ లేఖనాల చరిత్ర అలా నడవలేదు. రాయడం, నకలు తీయడం, అనువదించడం, ప్రమాణంగా అంగీకరించడం అనే నాలుగూ శతాబ్దాల పాటు ఒకదానితో ఒకటి పెనవేసుకుని సాగాయి.

యూదులు తమ లేఖనాలను 'తనఖ్' అంటారు. ఇది మూడు విభాగాల పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి చేసుకున్న మాట: మోషే పేరిట ఉన్న ఐదు పుస్తకాలు 'తోరా', అంటే ఉపదేశం లేదా ధర్మశాస్త్రం, యెహోషువ మొదలు రాజుల చరిత్రల వరకూ, యెషయా మొదలు పన్నెండుమంది చిన్న ప్రవక్తల వరకూ ఉన్నవి 'నెవీయిమ్', అంటే ప్రవక్తలు, కీర్తనలు, సామెతలు, యోబు, దానియేలు వంటి మిగిలినవన్నీ 'కెతూవిమ్', అంటే రచనలు. వారి లెక్కకు ఇవి 24 పుస్తకాలు. ప్రొటెస్టెంటు క్రైస్తవులు వీటినే విడదీసి 39గా లెక్కిస్తారు. వరుస కూడా వేరే. క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగిసి రాబోయే వాని కోసం ఎదురు చూస్తుండగా, యూదుల గ్రంథం సాధారణంగా దినవృత్తాంతములతో, యెరూషలేముకు తిరిగి వెళ్లవచ్చునన్న పారసీక చక్రవర్తి కోరెషు ప్రకటనతో ముగుస్తుంది.

ఈ పుస్తకాల్లో చాలావాటికి ఒకే రచయిత లేడు. ఆదికాండము మొదట్లో సృష్టి కథనాలు రెండున్నాయి. జలప్రళయం కథలో ఒకచోట ప్రతి జంతువునూ జతగా తీసుకొమ్మని ఉంటే, మరోచోట పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున తీసుకొమ్మని ఉంది. ఇటువంటి జంట కథనాలను పట్టుకుని 19వ శతాబ్దపు జర్మన్ పండితులు, ముఖ్యంగా 1878లో యూలియుస్ వెల్‌హౌజెన్, తోరా వెనుక వేర్వేరు కాలాల రచనాధారలున్నాయని వాదించారు. ఆ ధారలు ఎన్ని, ఎప్పటివి అన్న విషయంలో నేటి పండితులకు ఏకాభిప్రాయం లేకపోయినా, పలు చేతుల రచన ఇందులో కలిసిందన్న మాటను ఇప్పుడు చరిత్రకారులు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పాత మాటను చెరిపేయకుండా కొత్త మాటను దాని పక్కనే నిలిపిన ఆ కూర్పరుల నిజాయితీ గొప్పది. పొసగనివాటిని వారు సరిదిద్ది ఉంటే ఈ చరిత్ర ఎవరికీ తెలిసేది కాదు.

ఈ లేఖనాల్లోని మాటలున్న అతి ప్రాచీన వస్తువు పుస్తకం కాదు, ఒక తాయెత్తు. 1979లో యెరూషలేము పక్కనే ఉన్న కేతెఫ్ హిన్నోమ్ అనే చోట, సమాధి గదుల తవ్వకంలో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి చిన్న వెండి చుట్టలు రెండు దొరికాయి. పెద్దది కూడా విప్పితే పది సెంటీమీటర్ల పొడవు లేదు. పగలకుండా వాటిని విప్పడానికే ఏళ్లు పట్టింది. వెండి రేకు మీద సూదిమొనతో గీసినంత సన్నని అక్షరాల్లో, సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో యాజకులు ప్రజలకు పలికే ఆశీర్వచనానికి దగ్గరగా ఉన్న మాటలు బయటపడ్డాయి. క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, లేదా 6వ శతాబ్దం మొదట ఎవరో వాటిని మెడలో వేసుకుని తిరిగి, చనిపోయాక కూడా వెంట తీసుకుపోయారు. గ్రంథంగా కుదురుకోక ముందే ఆ మాటలకు రక్షించే శక్తి ఉందని జనం నమ్మారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

దాదాపు అదే కాలంలో, క్రీ.పూ. 622 ప్రాంతంలో, యూదా రాజు యోషీయా ఏలుబడి 18వ ఏట దేవాలయానికి మరమ్మతులు జరుగుతుండగా ప్రధాన యాజకుడు హిల్కీయాకు ఒక ధర్మశాస్త్ర గ్రంథం దొరికిందని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. శాస్త్రి షాఫాను దానిని చదివి వినిపించగా రాజు బట్టలు చింపుకుని, ఆ మాటల విషయం దేవుణ్ణి అడిగి రమ్మని మనుషులను పంపాడు. వారు వెళ్లింది హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు. రాతలో ఉన్న ఒక గ్రంథం దేవుని మాటగా ధ్రువీకరణ పొందినట్లు బైబిలు చెప్పే తొలి సందర్భం ఇదే కావచ్చు, ఆ ధ్రువీకరణ ఇచ్చింది ఒక స్త్రీ. దొరికినది ద్వితీయోపదేశకాండపు మూలరూపమని 1805లో డి వెట్టె అనే జర్మన్ పండితుడు చేసిన ఊహకు నేటికీ బలమైన మద్దతుంది. ఎందుకంటే యోషీయా వెంటనే చేపట్టిన సంస్కరణలు, ఊరూరా ఉన్న బలిపీఠాలను కూల్చి ఆరాధనను యెరూషలేముకే పరిమితం చేయడంతో సహా, ఆ పుస్తకం ఆదేశించినవే.

యోషీయా కొడుకు యెహోయాకీము ఇంకో గ్రంథం పట్ల నడుచుకున్న తీరు దీనికి పూర్తిగా భిన్నం. ప్రవక్త యిర్మీయా చెబుతుండగా లేఖకుడు బారూకు రాసిన చుట్టను తొమ్మిదో నెల చలిలో, శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్న రాజుకు యెహూది అనే ఉద్యోగి చదివి వినిపించాడు. అతడు మూడు నాలుగు పుటలు చదివినప్పుడల్లా రాజు లేఖకుల చాకుతో ఆ భాగాన్ని కోసి కుంపటిలో వేస్తూ, చుట్ట మొత్తం బూడిదయ్యేదాకా అలాగే చేశాడు. యిర్మీయా ఇంకో చుట్ట తెప్పించి బారూకు చేత అవే మాటలు మళ్లీ రాయించాడు. అటువంటి మాటలు ఇంకా అనేకం దానికి చేర్చారని 36వ అధ్యాయం చివర ఉంది. నకలు తీసేటప్పుడు గ్రంథం పెరిగేదని గ్రంథమే దాపరికం లేకుండా ఒప్పుకున్న చోటు ఇది. యిర్మీయా గ్రంథపు గ్రీకు అనువాదం నేటి హెబ్రీ పాఠం కంటే సుమారు ఎనిమిదో వంతు చిన్నది. అనువాదకుడు కత్తిరించాడని కొందరు చాలాకాలం అనుకున్నారు గాని, అంతే కురుచగా ఉన్న హెబ్రీ పాఠపు తునకలు మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో దొరికాక, ఆ గ్రంథం రెండు రూపాల్లో చలామణీ అయిందని తేలిపోయింది.

క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని నేలమట్టం చేసి జనాన్ని చెరగా తీసుకుపోయింది. గుడీ రాజూ లేని ఆ జనానికి మిగిలినవి జ్ఞాపకం, రాత. పాత రచనలను పోగుచేసి, కూర్చి, వరుసలో పెట్టిన పని చాలావరకు చెర కాలంలోనూ, ఆ తర్వాతి పారసీకుల ఏలుబడిలోనూ జరిగిందని పండితులు భావిస్తారు. తిరిగివచ్చిన వారి ముందు ఎజ్రా అనే శాస్త్రి, నీటి గుమ్మం ఎదుటి వీధిలో కట్టెలతో కట్టిన ఎత్తైన పీఠమెక్కి తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రాన్ని చదివాడనీ, జనం నిలబడి విన్నారనీ, లేవీయులు అర్థం విడమరచి చెప్పారనీ నెహెమ్యా గ్రంథం వర్ణిస్తుంది. ఆ విడమరచడంలో అనువాదం కూడా ఉందని యూద సంప్రదాయం అంటుంది. వాడుక భాషగా అరామిక్ వ్యాపించాక, ప్రార్థనా సమాజాల్లో హెబ్రీ వాక్యం వెంట దాని అరామిక్ అర్థాన్ని నోటితో చెప్పే ఆచారం నిలిచి, అవే 'తర్గుమ్' అనే రచనలయ్యాయి. హెబ్రీని పాత లిపిలో కాక అరామిక్ నుంచి తెచ్చుకున్న చదరపు అక్షరాల్లో రాయడం కూడా ఈ మార్పుల్లో భాగమే.

మూడు విభాగాల్లో తోరా ముందుగా స్థిరపడింది. యూదుల నుంచి వేరుపడిన సమరయులు నేటికీ ఆ ఐదు పుస్తకాలనే లేఖనాలుగా అంగీకరించడం దీనికి గుర్తు. క్రీ.పూ. 180 ప్రాంతంలో యెరూషలేములో బెన్ సీరా అనే గురువు హెబ్రీలో ఒక జ్ఞానగ్రంథం రాస్తూ పూర్వికులను వరుసగా కీర్తించాడు. అందులో యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు, పన్నెండుమంది చిన్న ప్రవక్తలు ఉన్నారు గాని దానియేలు లేడు. దానియేలు గ్రంథం నేటి రూపాన్ని పొందింది క్రీ.పూ. 165 ప్రాంతంలో గనుక, అప్పటికే ప్రవక్తల విభాగం మూసుకుపోయి ఉండటం వల్లనే యూదులు దానిని ప్రవక్తల్లో కాక రచనల్లో చేర్చారని చాలామంది పండితుల అభిప్రాయం.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో తోరా గ్రీకు భాషలోకి వెళ్లింది. అరిస్టెయాస్ పేరిట ఉన్న లేఖ ఆ కథను వైభవంగా చెబుతుంది: రాజు రెండో టాలెమీ తన గ్రంథాలయం కోసం అడగగా, యెరూషలేము ప్రధాన యాజకుడు గోత్రానికి ఆరుగురు చొప్పున 72 మందిని పంపాడనీ, వారు ఒక ద్వీపంలో కూర్చుని 72 రోజుల్లో పని ముగించారనీ దాని సారాంశం. ఆ 72 కాస్తా 70గా గుండ్రపడి, లాటిన్‌లో డెబ్బై అనే అర్థమున్న సెప్టువజింటు అనే పేరు ఆ అనువాదానికి నిలిచింది. ఈ పనికి రాజును ప్రోత్సహించిన గ్రంథాలయాధికారిగా లేఖ పేర్కొన్న ఫలేరుమ్ వాసి దెమెత్రియస్‌ను నిజానికి ఆ రాజు గద్దెనెక్కగానే వెళ్లగొట్టాడు; కాబట్టి లేఖ ఆ కాలపు సాక్షి రాసినది కాదు. హెబ్రీ మరచిపోయిన ఐగుప్తు యూదులకు తమ ధర్మశాస్త్రం తమకు తెలిసిన భాషలో కావలసి వచ్చిందన్నదే అసలు కారణమని చెప్పడం సబబు. అనువాదమైన పుస్తకం మూలమంత పవిత్రమేనా అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టినదే ఆ లేఖలోని కథ. తర్వాత అలెగ్జాండ్రియా తత్త్వవేత్త ఫిలో ఆ అనువాదకులను ప్రవక్తలతో సమానం చేశాడు. వారు పనిచేసిన ఫారోస్ ద్వీపంలో ఏటా ఉత్సవం జరిగేదనీ అతడు రాశాడు.

గ్రీకు తోరా ఎంత త్వరగా సాధారణ జనం చేతికి వెళ్లిందో చెప్పే ఆధారాలు చెత్తలో దొరికాయి. ఐగుప్తులో మమ్మీలకు తొడుగులు చేయడానికి వాడిపారేసిన పాపిరస్ ముక్కలను అతికించేవారు. అటువంటి తొడుగును విడదీసినప్పుడు క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు ద్వితీయోపదేశకాండపు తునకలు బయటపడ్డాయి, అవి ఇప్పుడు మాంచెస్టరులోని రైలాండ్స్ గ్రంథాలయంలో ఉన్నాయి. మరికొన్ని పాత గ్రీకు ప్రతుల్లో, వాక్యమంతా గ్రీకులో ఉన్నా, దేవుని నామం వచ్చిన చోట మాత్రం లేఖకుడు కలం ఆపి నాలుగు అక్షరాల ఆ నామాన్ని హెబ్రీలోనే రాశాడు. తర్వాతి ప్రతుల్లో ఆ స్థానంలో 'క్యూరియొస్', అంటే ప్రభువు, అనే మాట స్థిరపడింది.

క్రీ.పూ. 132 ప్రాంతంలో ఐగుప్తుకు వచ్చిన బెన్ సీరా మనవడు తాత గ్రంథాన్ని గ్రీకులోకి మారుస్తూ దానికి ఒక పీఠిక రాశాడు. ధర్మశాస్త్రం, ప్రవక్తలు, మిగిలిన పుస్తకాలు అని మూడు విభాగాలను పేర్కొన్న తొలి సాక్ష్యాల్లో అది ఒకటి. ఆ మూడో విభాగానికి అప్పటికి ఇంకా పేరైనా కుదరలేదు. హెబ్రీలో చెప్పిన మాటకు వేరే భాషలో అంతే బలం ఉండదనీ, తన అనువాదమే కాదు, ధర్మశాస్త్రపు అనువాదం కూడా మూలం కంటే తేడాగానే ఉందనీ అతడు మొహమాటం లేకుండా చెప్పి, పాఠకుల మన్నింపు కోరాడు. అనువాదకుడి కష్టం తెలిసినవారెవరైనా ఆ పీఠికను ఆత్మీయంగా చదువుకుంటారు.

1947 మొదలు 1956 వరకు కుమ్రాను దగ్గరి 11 గుహల్లో 900కు పైగా రాతప్రతుల అవశేషాలు దొరికాయి. వాటిలో 200కు పైగా హెబ్రీ లేఖనాలవి. ఎస్తేరు ఒక్కటి తప్ప ప్రతి పుస్తకానికీ ఏదో ఒక తునక ఉంది. లేఖనాల ప్రతుల్లో పెద్దది యెషయా చుట్ట: 17 తోలు పలకలను కుట్టి చేసిన 7.34 మీటర్ల పొడవున 54 నిలువు వరుసల్లో గ్రంథం మొత్తం ఉంది, కాలం క్రీ.పూ. 2వ శతాబ్దం చివర. అందులో 40వ అధ్యాయం దగ్గర ఒక చిన్న ప్రమాదం కనబడుతుంది. గడ్డి ఎండి పువ్వు వాడడం గురించి ఒకే మాట రెండుసార్లు వచ్చే ఆ చోట, మొదటిదాని నుంచి కన్ను రెండోదాని మీదకు జారి ఉంటుంది, లేఖకుడు మధ్యలోది వదిలేశాడు. తర్వాత ఇంకొకరి చేయి ఆ మాటలను పంక్తుల సందులో మొదలుపెట్టి, చోటు చాలక పక్క అంచు వెంట కిందికి దించుకుంటూ రాసింది. గ్రీకు యెషయాలోనూ అదే భాగం లేదు.

చెర తర్వాత కట్టుకున్న రెండో దేవాలయాన్నీ క్రీ.శ. 70లో రోమన్లు తగలబెట్టాక యోహానాన్ బెన్ జక్కయి అనే గురువు యావ్నె అనే ఊళ్లో విద్యాకేంద్రం నెలకొల్పాడు. క్రీ.శ. 90 ప్రాంతంలో అక్కడ ఒక మహాసభ కూడి పుస్తకాల జాబితాకు ముద్ర వేసిందన్న మాట చాలా పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనబడుతుంది గాని, అది 1871లో చరిత్రకారుడు హైన్రిష్ గ్రెట్స్ చేసిన ఊహ మాత్రమే. 1964లో జాక్ లూయిస్ ఆధారాలన్నీ తిరిగి పరిశీలించి, అటువంటి శాసనమేదీ అక్కడ జరిగిన దాఖలా లేదని చూపాడు. యావ్నె గురువులు చర్చించింది ఒకటి రెండు పుస్తకాల గురించే. ఆ చర్చ భాష కూడా విచిత్రమైనది.

పవిత్ర గ్రంథమని అనడానికి వారు చేతులను మైలపరచే గ్రంథం అని అనేవారు. తాకితే మైల సోకేది అపవిత్ర వస్తువే గదా అని మడి, మైల తెలిసిన తెలుగు పాఠకుడికి కూడా అనుమానం రావడం సహజం. యూద గురువుల చర్చల సంపుటమైన తల్ముదు చెప్పే కారణం ఇంటి వ్యవహారమంత సాదాగా ఉంది: యాజకులకు ఇవ్వవలసిన పవిత్ర ధాన్యాన్నీ, ధర్మశాస్త్రపు చుట్టనూ, రెండూ పవిత్రమైనవే గదా అని జనం ఒకేచోట దాచేవారు, దానివల్ల చుట్టలు పాడవుతున్నాయి, ఎలుకలు కొరికేవని వ్యాఖ్యాతలు అంటారు, అందుకని గ్రంథం తాకినా మైలే అని గురువులు కట్టడి చేసి రెండింటినీ విడదీశారు. ఆ తర్వాత ఒక పుస్తకం పవిత్రమా కాదా అని అడగడానికి, అది చేతులను మైలపరుస్తుందా లేదా అని అడిగితే సరిపోయింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో ప్రసంగి గురించీ, పరమగీతము గురించీ ఈ ప్రశ్న వచ్చింది. ప్రసంగి నిరాశ కొందరికి మింగుడుపడలేదు. పరమగీతపు శృంగారం ఇంకొందరికి జంకు కలిగించింది. రబ్బీ అకీవా మాత్రం, లేఖనాలన్నీ పవిత్రమైతే పరమగీతము వాటిలో గర్భగుడి వంటిదని గట్టిగా నిలబడ్డాడు. యెహెజ్కేలు గ్రంథానికీ ఇటువంటి గండమే వచ్చింది. తోరాకు పొసగని మాటలున్నాయని దానిని పక్కనపెట్టబోతే, హనన్యా బెన్ హిజ్కియా అనే గురువు 300 కడవల దీపపు నూనె తెప్పించుకుని మేడగదిలో కూర్చుని, ఆ వైరుధ్యాలన్నీ సమన్వయపరచేదాకా దిగిరాలేదని తల్ముదు చెబుతుంది. నూనె లెక్క ఎలా ఉన్నా, ఈ చర్చలన్నిటి నుంచీ తేలేది ఒకటే: గురువులు కొత్త పుస్తకాలను లోపలికి తేలేదు, జనం అప్పటికే చదువుకుంటూ పవిత్రంగా భావించిన పుస్తకాలను ఎందుకు ఉంచాలో తమకు తాము వివరించుకున్నారు. క్రీ.శ. 1వ శతాబ్దపు చివరలోనే చరిత్రకారుడు జోసెఫస్ 22 పుస్తకాలని లెక్క చెప్పాడు; ఎజ్రా పేరిట ఉన్న ఒక రచన బహిరంగంగా చదువుకోవలసినవి 24 అంది.

ఈలోగా గ్రీకు అనువాదాన్ని క్రైస్తవులు సొంతం చేసుకున్నారు. యెషయా 7వ అధ్యాయంలోని 'అల్మా', అంటే యువతి, గ్రీకులో కన్యక అనే అర్థమున్న 'పార్థెనొస్' కావడం, ఆ మాట మత్తయి సువార్తలోకి రావడం రెండు మతాల మధ్య శతాబ్దాల వాదానికి దారితీసింది. సెప్టువజింటును దైవప్రేరితమని మెచ్చుకున్న యూద సంప్రదాయంలోనే, ఆ అనువాదం జరిగిన రోజు బంగారు దూడను చేసిన రోజంత చెడ్డదన్న మాట కూడా తర్వాత వినబడింది. క్రీ.శ. 130 ప్రాంతంలో అకీలా అనే యూదుడు అక్షరానికి అక్షరం సరిపోయేలా కొత్త గ్రీకు అనువాదం చేశాడు. హెబ్రీలో కర్మపదానికి ముందు వచ్చే 'ఎత్' అనే ప్రత్యయాన్ని సైతం వదలక, 'తో' అనే అర్థమున్న గ్రీకు మాటను దాని స్థానంలో నిలిపాడు. తెలుగులో ఆకాశాన్ని సృష్టించాడు అనడానికి బదులు ఆకాశంతో సృష్టించాడు అన్నట్లు. అది గ్రీకు వ్యాకరణానికి ఒదగలేదు, అయినా ఒక్క అక్షరం కూడా వృథా కాదన్న నమ్మకం దాని వెనుక ఉంది.

లాటిన్ క్రైస్తవుల కోసం హెబ్రీ నుంచే నేరుగా అనువదించాలని బెత్లెహేములో స్థిరపడిన జెరోమ్ పూనుకున్నప్పుడు, జనం ఎంతగా పాత మాటకు అలవాటు పడతారో అతనికి తెలిసొచ్చింది. యోనా తలకు నీడనిచ్చిన మొక్కను పాత లాటిన్ ప్రతులు గ్రీకును అనుసరించి సొర అన్నాయి. జెరోమ్ దానిని ఐవీ తీగ చేశాడు. ఇప్పటి లిబియాలోని ఓయె పట్టణంలో ఒక బిషప్పు ఆ కొత్త అనువాదాన్ని చదివించగా చర్చిలో గొడవ లేచిందనీ, మాట మార్చకపోతే సంఘమే మిగలదన్న స్థితి అతనికి వచ్చిందనీ క్రీ.శ. 403లో మరో బిషప్పు అగస్టీన్ జెరోమ్‌కు రాశాడు. హెబ్రీ 'కీకయోన్' ఇసుక నేలలో త్వరగా ఎదిగే వెడల్పాటి ఆకుల చెట్టని జెరోమ్‌కు తెలుసు, ఆ వర్ణన ఆముదపు చెట్టుకు సరిపోతుంది. లాటిన్‌లో దానికి పేరు లేక పూర్వ అనువాదకుల దారి పట్టానని అతడు బదులిచ్చాడు. పల్లెల్లో ఆముదపు చెట్టు ఎరగనివారు లేని తెలుగునాట, బైబిలులో యోనా ఇప్పటికీ సొరచెట్టు కిందే కూర్చున్నాడు.

హెబ్రీ పాఠాన్ని కదలకుండా నిలిపినవారు మసోరెట్లు, అంటే పరంపరగా వచ్చిన పాఠాన్ని కాపాడే పండితులు. క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దాల మధ్య, ముఖ్యంగా గలిలయ సముద్రతీరాన ఉన్న తిబెరియలో, హల్లులు మాత్రమే ఉన్న పాఠానికి వారు అచ్చుల గుర్తులూ, రాగయుక్తంగా చదవడానికి స్వరచిహ్నాలూ పెట్టారు. అరుదైన మాట ఎన్నిసార్లు వచ్చిందో అంచుల్లో రాశారు. అక్షరాలు లెక్కించే అలవాటు అంతకంటే పాతది. లేవీయకాండము 11వ అధ్యాయంలో పొట్ట అనే అర్థమున్న మాటలోని 'వావ్' తోరాకు నడిమి అక్షరమని తల్ముదు అంది. నేటికీ చుట్టల్లో ఆ ఒక్క అక్షరాన్ని మిగిలినవాటి కంటే పెద్దదిగా రాస్తారు. దేవుని నామాన్ని పలకకూడదు గనుక ఆ నాలుగు హల్లులకు 'అదోనాయ్', అంటే ప్రభువు, అనే మాటలోని అచ్చులను జోడించి, అలా చదవమని పాఠకుడికి గుర్తుచేశారు. మధ్యయుగపు ఐరోపా పండితులు ఈ సంకేతం తెలియక హల్లులనూ అచ్చులనూ కలిపి చదివారు. తెలుగువారి ప్రార్థనల్లో, పాటల్లో స్థిరపడిన యెహోవా అనే రూపం ఆ కలయికే.

క్రీ.శ. 930 ప్రాంతంలో తిబెరియలో తయారై, మసోరెట్ పండితుడు అహరోన్ బెన్ ఆషేర్ స్వయంగా గుర్తులు పెట్టిన ప్రతి శతాబ్దాల పాటు సిరియాలోని అలెప్పో ప్రార్థనాలయంలో భద్రంగా ఉండి, 1947 చివర అక్కడి అల్లర్లలో ఆలయం తగలబడ్డాక దాదాపు 200 ఆకులు పోగొట్టుకుంది. తోరాలో ద్వితీయోపదేశకాండపు చివరి అధ్యాయాలు తప్ప మిగతాదంతా వాటితోనే పోయింది. మొత్తం హెబ్రీ గ్రంథమున్న పూర్తి ప్రతుల్లో అతి ప్రాచీనమైనది ఇప్పుడు క్రీ.శ. 1008 ప్రాంతపు లెనిన్‌గ్రాడ్ ప్రతి.

బెన్ సీరా గ్రంథం ఈ 24 పుస్తకాల్లో చేరలేదు. కాథలిక్కులు 1546లో ట్రెంట్ సభలో దానిని ప్రామాణికమని ప్రకటించారు, ప్రొటెస్టెంట్లు విడిచిపెట్టారు. అందువల్లనే తెలుగులోనూ కాథలిక్కుల బైబిలులో అది ఉంది, 39 పుస్తకాల పాత నిబంధనలో లేదు. చేర్చని పుస్తకానికి నకళ్లు తీసేవారు తగ్గిపోయి దాని హెబ్రీ మూలం కాలక్రమాన కనుమరుగైంది. అనువాదంలో బలం తగ్గిందని మన్నింపు కోరిన మనవడి గ్రీకే, దానితో పాటు సిరియాక్ అనువాదం, తాత మాటలను వందల ఏళ్లు మోశాయి. దేవుని నామమున్న కాగితాన్ని పారేయడం గానీ కాల్చడం గానీ తగదని యూదులు చిరిగిన ప్రతులను ప్రార్థనాలయంలో ఒక మూలగదిలో పడవేసేవారు, దానిని 'గెనీజా' అంటారు. 1896లో ఇద్దరు స్కాట్లండు సోదరీమణులు, ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్, తూర్పు దేశాల నుంచి కొని తెచ్చిన ఒక ఆకును కేంబ్రిడ్జిలో సొలొమన్ షెక్టర్ చూసి, అది బెన్ సీరా హెబ్రీ పాఠమని గుర్తుపట్టి, కైరోలోని పాత ప్రార్థనాలయపు గెనీజాకు వెళ్లాడు; అక్కడ ఆ పాఠపు ఆకులు మరికొన్ని దొరికాయి. ఆ తర్వాత 1964లో మసాదా కోట తవ్వకంలో, క్రీ.శ. 73 ప్రాంతంలో కోట పడిపోకముందు రాసిన ప్రతి ముక్కలు కూడా దొరికాయి. అన్నీ కలిపితే తాత రాసిన హెబ్రీలో దాదాపు మూడింట రెండు వంతులు నేడు చదవడానికి ఉంది. మిగిలిన భాగానికి ఇప్పటికీ మనవడి గ్రీకే ఆధారం.